తోటరాముడు దారి తప్పితే...!

'పాతాళభైరవి' చూడని తెలుగువాళ్ళు ఉంటారా? థియేటర్లో కాకపోతే టీవీలోనైనా చూసే ఉంటారు. 1951 నాటి ఆ సినిమాలో తోటరాముడు రాజకుమారిని ప్రేమిస్తాడు. ధనం సంపాదించుకొస్తానని బయల్దేరతాడు. నేపాళ మాంత్రికుడి చేతిలో పడతాడు. ఆ తర్వాత కథ ఎక్కడా ఆగదు. ఇప్పుడు సరదాకి ఇలా ఊహించుకోండి. మాంత్రికుడు గుహ ముందు నిలబడి ఎదురుచూస్తున్నాడు. మన రాముడేమో "కాస్త ఆగు స్వామీ, ఇప్పుడే వస్తా" అని పక్క పల్లెకు పోయాడు. అక్కడ కట్టెలు కొట్టి నాలుగు డబ్బులు సంపాదించాడు. ఎవరో ముసలామె ఉంగరం పోయిందంటే వెతకడానికి అడవిలో పడ్డాడు. దారిలో సీతాకోకచిలుకలు పట్టుకున్నాడు. ఓ ఇల్లు కొనుక్కున్నాడు. ఇంకొకామెను పెళ్లి కూడా చేసేసుకున్నాడు! ఆరు నెలలు గడిచాయి. మాంత్రికుడు అదే గుహ ముందు అదే గడ్డంతో అలాగే నిలబడి ఉన్నాడు!

ఇలాంటి స్క్రిప్టు తీసుకెళ్తే కె.వి.రెడ్డిగారు మంచినీళ్ళు ఇచ్చి పంపించేసేవారు. కానీ సరిగ్గా ఈ పద్ధతిలోనే ఓ కంప్యూటరు ఆట తయారై, ప్రపంచమంతా ఆడింది. దాని పేరు 'స్కైరిమ్'. పూర్తి పేరు 'ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్'. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెథెస్డా అనే కంపెనీ తీసింది... అదే, తయారుచేసింది. డైరెక్టరు టాడ్ హోవర్డ్. (అవును, ఆటలకూ డైరెక్టర్లు ఉంటారు!) విడుదల తేదీ 2011 నవంబరు 11. అంటే 11-11-11. మన నిర్మాతలు ముహూర్తాలు చూస్తారని ఎగతాళి చేసేవాళ్ళు ఇది గమనించాలి. 2023లో హోవర్డ్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం అప్పటికే 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. మన భాషలో చెప్పాలంటే రజతోత్సవాల మీద రజతోత్సవాలు!

సినిమా పత్రికలో ఆట గోల ఎందుకయ్యా అంటారేమో. ఎందుకంటే ఇది నాకు ముందు సినిమాలాగే పరిచయమైంది. మా ఊరు ఖానాపూర్. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. గోదావరి పక్కనే ఉన్నా ఎండాకాలంలో మాత్రం నిప్పుల కొలిమి. అలాంటి ఓ మే నెల మధ్యాహ్నం, నేను హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చేసరికి, మా తమ్ముడు సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ముందు కూర్చుని మంచు కొండలెక్కుతున్నాడు. బయట కాకులు కూడా అరవలేని ఎండ. తెర మీద మంచు తుఫాను! మా బాపు వెనక మంచం మీద పడుకుని తలెత్తి చూసి, "ఇది కాంతారావు సినిమా లెక్కనే ఉన్నది గదరా! కత్తి అట్లనే ఉన్నది" అన్నాడు. పన్నెండేళ్ళు దుబాయిలో పనిచేసొచ్చిన మనిషి. ఆయనకు జానపద సినిమా అంటే ప్రాణం. విఠలాచార్య పేరు చెబితే తినే అన్నం వదిలి కథ చెబుతాడు.

ఆయన అన్న మాటలో సగం నిజముంది. కథ మొదలే జానపదం. మీరు చేతులు కట్టేసిన ఖైదీ. బండిలో ఉరికంబానికి... కాదు, తల నరికే చోటికి తీసుకుపోతుంటారు. కత్తి మెడ మీదికి రాబోతుండగా ఆకాశంలోంచి రెక్కల పాము దిగుతుంది. దాన్ని వాళ్ళు డ్రాగన్ అంటారు. ఊరంతా తగలబడుతుంటే మీరు తప్పించుకుంటారు. బయటికొచ్చాక ఎదురుగా కొండలు, వాగులు, అడవి. ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించరు. దూరంగా ఓ కొండ కనిపించిందా? అది అట్టముక్క మీద వేసిన పెయింటింగ్ కాదు, నడిచి వెళ్ళి ఎక్కవచ్చు. మన స్టూడియోల్లో రాజప్రాసాదం వెనకాల పరదా మీద కొండలుండేవి కదా, ఆ పరదా చించుకుని అవతలికి పోయినట్టుంటుంది. నా మట్టుకు నాకు ఈ ఆటలో మొదటి గొప్ప ఇదే. నడక! కథ లేకుండా, శత్రువు లేకుండా, గంటసేపు ఊరికే నడిచి సంతోషపడిన రోజులున్నాయి.

రెండో గొప్ప, మీరెవరో ముందే తేల్చి చెప్పక్కర్లేదు. కత్తి తిప్పితే కత్తి విద్య పెరుగుతుంది. నక్కి నక్కి నడిస్తే దొంగవిద్య పెరుగుతుంది. కొలిమి దగ్గర సుత్తి పట్టుకుంటే కమ్మరి పని వస్తుంది. ఇలాంటి విద్యలు 18. ఏది చేస్తే అదే అవుతారు. మా తమ్ముడు మొదటిసారి ఆడినప్పుడు డ్రాగన్‌ల సంగతి వదిలేసి మూడు వారాలు మందులు నూరుతూ కూర్చున్నాడు. వాడికి అదే సినిమా.

పాట సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. సంగీతం జెరెమీ సోల్. ముప్ఫై మంది బృందం పాడిన పాటను మూడుసార్లు రికార్డు చేసి, తొంభై మంది పాడినట్టు వినిపించారు. అదీ ఆట కోసం కనిపెట్టిన డ్రాగన్‌ల భాషలో! హెడ్‌ఫోను పెట్టుకుని వింటే ఒంటి మీద రోమాలు లేస్తాయి. గొంతుల విషయానికొస్తే, ఓ ముసలి పండితుడి పాత్రకు డబ్బింగ్ చెప్పింది ఎవరనుకున్నారు? మాక్స్ ఫాన్ సీడో! 'ది ఎక్సార్సిస్ట్'లో పెద్ద పాద్రీగా వేసిన ఆయనే.

ఇన్ని గొప్పలు చెప్పాక లోట్లు చెప్పకపోతే అది పబ్లిసిటీ కరపత్రం అవుతుంది. చెబుతాను. ముందుగా, విలన్. ఆల్డుయిన్ అని ఓ నల్ల డ్రాగన్. లోకాన్నే మింగుతాడట. కానీ నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు ఒక్క కనుబొమ్మ ఎత్తి పుట్టించిన భయం ఈ మహాసర్పం నిప్పులు కక్కినా పుట్టించలేదు. వస్తాడు, అరుస్తాడు, ఎగిరిపోతాడు. చివర్లో మామూలు డ్రాగన్ కన్నా కాస్త ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది, అంతే. విలన్ లేని జానపదం ఉప్పులేని పులుసు.

కత్తియుద్ధం కూడా అంతంతమాత్రం. బాపు పోలిక అక్కడే తప్పింది. కాంతారావు కత్తి తిప్పితే ఖంగుఖంగుమని లెక్క ఉండేది, అడుగు ఉండేది. ఇక్కడ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దుప్పట్లు ఉతికినట్టు బాదుకోవడమే. గుహలు చాలా ఉన్నాయి కానీ పదో గుహకొచ్చేసరికి పదకొండో గుహ ఎలా ఉంటుందో చెప్పేయొచ్చు. అవే సమాధులు, లేచి వచ్చే అవే శవాలు. ఇక పెళ్లి! మెడలో ఒక తాయెత్తు వేసుకుని వెళ్ళి పలకరిస్తే చాలు, ఒప్పేసుకుంటారు. పెళ్లిచూపుల్లేవు, అలకల్లేవు, డ్యూయెట్ అసలే లేదు. పెళ్లయ్యాక రోజూ ఓ పూట భోజనం, అంగడి లాభంలో వాటా మాత్రం వస్తాయి. మన పిన్నులు వింటే సంబంధం బాగుందనే అంటారు.

పొరపాట్లయితే కోకొల్లలు. రాక్షసుడు గదతో ఒక్కటిస్తే మీరు నిజంగానే ఆకాశంలోకి రాకెట్టులా లేచిపోతారు. విడుదలైన నెలలోనే ఒక సవరణ పంపితే, దాంతో డ్రాగన్‌లు వెనక్కి ఎగరడం మొదలుపెట్టాయి! రీలు తిరగేసి వేసినట్టు! దుకాణదారు నెత్తిన బకెట్ బోర్లిస్తే ఆయనకు కళ్ళు కనపడవు, మీరు దర్జాగా దుకాణం ఊడ్చుకుపోవచ్చు. అన్నట్టు, మొదట్లో చెప్పిన ఖైదీ బండి ఉంది చూశారూ... తయారీ రోజుల్లో అది ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరిపోయేదట. ఎందుకో తెలియక తలలు పట్టుకున్నారు. చివరికి కారణం ఒక తేనెటీగ! ఈగను కదలని బండరాయిలా లెక్కకట్టడం వల్ల, బండి దానికి గుద్దుకుని ఎగిరిపోయేది. ఆ ఆటకు పనిచేసిన ఒకాయనే 2021లో ఈ ముచ్చట బయటపెట్టాడు. ట్రిక్కు షాట్లు తీసిన మన పాత కెమెరామెన్‌లు వింటే ఆయన్ని కౌగిలించుకుంటారు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవి. అసలు లోటు వేరే ఉంది. ఈ లోకానికి జ్ఞాపకం లేదు.

నేను మంత్రవిద్యల కళాశాలకు అధిపతినయ్యాను. నిజం చెప్పొద్దూ, నాకు వచ్చిన మంత్రాలు రెండే. అయినా పట్టం కట్టారు, సరే. మర్నాడు నగరంలోకి వెళ్తే కాపలావాడు నన్ను ఎవరో కొత్తగా చేరిన కుర్రాడిలా ఎకసెక్కమాడాడు. దేశంలో అంతర్యుద్ధం నడుస్తుంటే ఒక పక్షాన చేరి గెలిపించాను. జెండాలు మారాయి, ఒకరిద్దరు పాలకులు మారారు. సంతలో కూరలమ్మే ఆమె మాత్రం అదే మాట అంటోంది. లోకాన్ని మింగేవాణ్ణి చంపి వచ్చినా అంతే! విచిత్రం ఏమిటంటే, మీరు ఎప్పుడో ఓ సత్రంలో కింద పడేసిన క్యాబేజీ ఎక్కడుందో, ఏ జున్నుముక్క ఏ బల్లమీద నుంచి దొర్లిందో ఈ ఆట గుర్తుపెట్టుకుంటుంది. 2011లో ప్లేస్టేషన్ 3 మీద ఆడినవాళ్ళకు ఇదే కొంప ముంచింది. ఆడేకొద్దీ ఆ చిట్టా పెరిగి, ఆట నత్తనడక నడిచింది. క్యాబేజీ గుర్తుంటుంది, మనిషి చేసిన పని గుర్తుండదు!

మరి ఇన్నేళ్ళుగా జనం దీన్ని ఎందుకు పట్టుకు వేళ్ళాడుతున్నారు? దీనికి జవాబు మా నిర్మల్ బొమ్మల్లో ఉంది. నిర్మల్ బొమ్మను పొణికి చెక్కతో చేస్తారు. మెత్తని చెక్క, తేలిక. ఉలి పెడితే వెన్నలా వస్తుంది. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు కనపడకుండా కలిపి, పైన రంగు వేస్తారు. అదే టేకుతో చెయ్యమంటే చెయ్యలేరు. స్కైరిమ్ పొణికి చెక్క. 2012 ఫిబ్రవరిలో కంపెనీ 'క్రియేషన్ కిట్' అనే పనిముట్టును జనం చేతికిచ్చింది. ఆటను తయారుచేసిన ఉలి అన్నమాట! దాంతో ఎవరైనా కొత్త ఊరు కట్టొచ్చు, కొత్త మనిషిని పెట్టొచ్చు, వాడికి మాటలు రాయొచ్చు. ఇలా చేర్చేవాటిని 'మాడ్‌లు' అంటారు. విఠలాచార్యకు హీరో డేట్లు దొరక్కపోతే శాపం పెట్టించి చిలకను చేసేవారని చెప్పుకుంటారు కదా, ఇక్కడ ప్రతి ప్రేక్షకుడూ విఠలాచార్యే!

దాంతో ఏం చేశారో చూడండి. ఒకాయన డ్రాగన్‌లను తీసేసి, పిల్లల టీవీలో వచ్చే థామస్ రైలింజన్ను పెట్టాడు. ఆకాశంలో రైలింజను కూత పెడుతూ నిప్పులు కక్కుతుంది! ఇది అల్లరి. కానీ అలెక్జాండర్ వెలిక్కీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు దాదాపు 2,000 గంటలు పనిచేసి 'ఫాల్‌స్కార్' అనే ఒక కొత్త ద్వీపాన్నే 2013లో చేర్చాడు. ఆ తర్వాత అతనికి ఒక పెద్ద ఆటల కంపెనీలో ఉద్యోగం దొరికింది. జర్మనీలో 'ష్యూర్ ఏఐ' బృందం ఆట పునాది మాత్రం ఉంచుకుని, పూర్తిగా వేరే లోకం, వేరే కథతో 2016లో 'ఎండెరల్' చేసింది. కథ విషయంలో అది అసలుకన్నా నాలుగు మెట్లు పైనే ఉందని నా ఓటు. ఆస్ట్రేలియాలో నిక్ పియర్స్ అనే లాయరు 2015లో 'ది ఫర్గాటెన్ సిటీ' రాశాడు. ఒక్కడు పాపం చేస్తే ఊరంతా చచ్చే నగరం కథ. దానికి 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘం అవార్డు వచ్చింది. 2021లో అదే కథ సొంతకాళ్ళ మీద వేరే ఆటగా విడుదలైంది. నాటకం హిట్టయి సినిమాగా వచ్చినట్టు!

అయితే పొణికి చెక్కకున్న రోగం కూడా దీనికుంది. మెత్తన కాబట్టి విరుగుతుంది. రెండు మాడ్‌లు ఒకే వీధిని మారిస్తే చివర చేరినవాడి మాటే చెల్లుతుంది. అప్పుడు ఇంటి గోడలోంచి చెట్టు మొలుస్తుంది, వంతెన సగంలో ఆగిపోతుంది. మామూలు రకం మాడ్‌లకు 255 వరకే చోటు. అంతదాకా పోనక్కర్లేదు, యాభైకే ఆట నడ్డి విరిగిన సందర్భాలు చూశాను. ఒకసారి సగం ఆటలో మాడ్ తీసేస్తే దాచుకున్న ఆట మొత్తం పాడవ్వచ్చు. పైగా కంపెనీ ఏదో సవరణ పంపగానే మనం పేర్చుకున్నదంతా కూలుతుంది. 2021లో పదేళ్ళ పండగ సంచిక వచ్చినప్పుడు ఎంతోమందికి జరిగింది ఇదే. మా తమ్ముడి స్నేహితుడొకడు నాలుగు నెలలు మాడ్‌లు పేర్చాడు, ఆట మాత్రం రెండు గంటలే ఆడాడు. మేకప్‌తోనే షూటింగ్ అయిపోయింది! కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నాకు తోచిన సలహా: ముందు ఉత్త ఆట ఆడండి. తర్వాత అభిమానులే తప్పులు దిద్ది పెట్టిన సవరణల మూట ఒకటుంటుంది, అది పెట్టుకోండి. ఆపైన ఒక్కొక్కటే. ఒకటి పెట్టాక కాసేపు నడిచి చూశాకే ఇంకోటి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తాత కట్టిన ఇల్లు గూనపెంకల ఇల్లు. మధ్యలో వాకిలి, చుట్టూ అర్రలు, వెనక కొట్టం, చేదబావి, బావి పక్కన చింతచెట్టు. తాత పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు. పంచుకున్నాక పాత ఇల్లు నిలుస్తుందా? కూలగొట్టి ఎవరి వాటాలో వాళ్ళు స్లాబు వేసుకున్నారు. బాగానే ఉన్నాయి ఇళ్ళు, తప్పేం లేదు. బాపమ్మ మాత్రం ఇప్పటికీ చీకట్లో లేస్తే పాత దర్వాజ ఉన్నవైపే అడుగేసి గోడను తడుముతుంది. మా తమ్ముడు ఆ ఇంటిని స్కైరిమ్‌లో కట్టడం మొదలుపెట్టాడు.

ముందు నవ్వాను. మంచుదేశంలో గూనపెంకలేంట్రా అన్నాను. పైగా ఖానాపూర్ చుట్టూ కథకు కొదవా? సదర్మాట్ ఆనకట్ట ఉంది, 1891-92లో గోదావరికి అడ్డంగా కట్టింది, 2018లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు తెచ్చుకుంది. నిర్మల్లో కోటలున్నాయి. 1860లో రాంజీ గోండును ఉరితీసిన కథ ఉంది. వీటిలో ఒకటి చెయ్యరాదా అన్నాను. దండారిలో గుస్సాడి వేసేవాళ్ళ నెమలీకల టోపీ ఈ ఆటలో పెడితే కన్ను తిప్పుకోలేరని కూడా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "అది వాళ్ళ దేవుని పని అన్నా. ఆడుకునేతందుకు నేను చేసుడేంది? అడగాలె గదా" అన్నాడు. "మనిల్లయితే ఎవల్ని అడిగే పని లేదు" అన్నాడు. వాడి మాట నాకు నచ్చింది.

ఆటలో దొరికే ముక్కలన్నీ ఉత్తరదేశపు దుంగల ఇళ్ళవి. దూలాలు, వాసాలు వాటితో సరిపెట్టాడు. గూనపెంక మాత్రం ఎక్కడా లేదు. 'బ్లెండర్' అనే మరో ఉచిత పనిముట్టు నేర్చుకుని ఒక్క పెంకను తయారుచేశాడు. దానికి ఇరవై రోజులు పట్టింది. పెరట్లో మిగిలిన పాత పెంకను ఎండలో పెట్టి ఫోనుతో ఫోటోలు తీసి ఆ రంగే దానికి అద్దాడు. పాచి మరక కూడా వదల్లేదు. ఒక్క పెంక వచ్చాక కప్పంతా వచ్చినట్టే.

ఇల్లు అయ్యింది. లోపల మనిషి కావాలి కదా? వాడు బాపమ్మను డబ్బింగ్‌కు కూర్చోబెట్టాడు! ఎండాకాలం, ఫ్యాను ఆపేశారు, కిటికీలకు గొంగళ్ళు కట్టారు, ఫోనే మైకు. "తిన్నవా బిడ్డా" అనమంటే మొదటిసారి అన్నది. రెండో టేకులో "ఏం కూరతోని తిన్నవ్?" అంది. మూడో టేకులో "ఎవల్తోని మాట్లాడుతున్నర్రా నేను?" అంది. ఏ రెండు టేకులూ ఒక్కలా లేవు. డబ్బింగ్ థియేటర్లో అయితే ఇంజనీరు జుట్టు పీక్కునేవాడు. వీడు మాత్రం అన్నీ దాచుకున్నాడు. నాలుగో రోజు నేను హైదరాబాదు నుంచి మళ్ళీ వచ్చి గడపలో చెప్పులు విడుస్తుంటే బాపమ్మ లోపలినుంచి, "మస్తు రోజులాయె, ఏడికి పోయినవ్ కొడుకా?" అంది. ఫోను ఆన్‌లోనే ఉంది. అదీ దొరికిపోయింది!

తెలుగు ఈ ఆటలో లేదు. కింద మాటలు తెలుగు అక్షరాల్లో పెడితే వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. చివరికి అక్షరాలు తీసేసి గొంతు మాత్రం ఉంచాడు. ఆ కిట్‌లో ఒక సదుపాయం ఉంది. ప్రతి మాటకూ షరతు పెట్టవచ్చు. రాత్రయితే ఇది పలుకు, వానొస్తే అది పలుకు అని. ఆటలో ఎన్ని రోజులు గడిచాయో లెక్క కూడా అందులోనే ఉంటుంది. వాడు ఏం చేశాడంటే, మీరు ఆ ఇంటికి వచ్చి పోయి మూడు రోజులు దాటితేనే వినిపించేలా ఆ చివరి మాటను పెట్టాడు.

నేను ఆడి చూశాను. ఎక్కడో సమాధుల్లో శవాలతో పోట్లాడి, డ్రాగన్‌ను కొట్టి, మంచులో నడిచి నడిచి, కొండ వెనక ఆ ఇంటి దర్వాజ తీశాను. లోపల పొయ్యి దగ్గర ఉత్తరదేశపు ఉన్నిబట్టల్లో ఓ ముసలామె కూర్చుని ఉంది. (చీర కుచ్చిళ్ళు చెయ్యడం వాడికింకా రాలేదు!) తల తిప్పి, "మస్తు రోజులాయె, ఏడికి పోయినవ్ కొడుకా?" అంది. పన్నెండు ఊళ్ళకు అధిపతినైనా గుర్తుపట్టని లోకంలో, నేను ఇన్నాళ్ళు కనపడలేదని గమనించిన మొదటి మనిషి! నేను హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టేశాను. ఆ రోజు ఇంక ఆడలేదు.

ఇక్కడినుంచి గొడవ మొదలైంది. దీన్ని అందరికీ ఇద్దామని నేను. వద్దని వాడు. మధ్యలో బాపు, "పైసలస్తయా?" అని. అన్యాయమైన ప్రశ్న కాదది. 2015 ఏప్రిల్ 23న మాడ్‌లు అమ్ముకోవచ్చని కంపెనీ, ఆటలు అమ్మే 'స్టీమ్' కలిసి ప్రకటించాయి. వచ్చినదాంట్లో చేసినవాడికి నూటికి 25. మిగతా 75 ఆ ఇద్దరికీ! అభిమానులు భగ్గుమన్నారు. నాలుగు రోజులకే, 27న, ఆ ఏర్పాటు ఎత్తేసి డబ్బు వాపసు ఇచ్చేశారు. తర్వాత వేరే పేర్లతో, వేరే పద్ధతుల్లో అమ్మకం మళ్ళీ వచ్చింది, ఉంది. కానీ ఎక్కువమంది ఇప్పటికీ ఉత్తపుణ్యానికే చేస్తున్నారు. నా ఉద్దేశంలో ఇదే ఈ ఆటకున్న అన్నిటికన్నా పెద్ద బలం, పెద్ద లోపం కూడా. వాళ్ళు వదిలేసిన ఖాళీలు జనం పూడుస్తారు, అందుకే ఆట బతికుంది. ఆట బతికున్నంత కాలం అమ్మకం కంపెనీదే. ఎక్స్‌ట్రా ఆర్టిస్టుకైనా సాయంత్రానికి బత్తా ఇస్తారు!

బాపు ఇదంతా విని, "మరి అవ్వ గొంతు ఎవల్దైతది?" అని అడిగాడు. ఆ కిట్ వాడాలంటే, దాంతో చేసినదాన్ని వాడుకునే హక్కు కంపెనీకీ ఇస్తున్నామని ఒప్పుకోవాలి. రోజూ మనం చదవకుండా నొక్కే కాగితమే అది. తమ్ముడు ఆ ముక్కను బాపుకు తెలుగులో చదివి చెప్పాడు. బాపు ఇంకేం మాట్లాడలేదు, బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు. నేను వాదించాను. ఎక్కడో బ్రెజిల్లోనో పోలండ్లోనో ఒకడు ఆ తలుపు తీసి బాపమ్మ మాట వింటే ఎంత బాగుంటుందో చూడు అన్నాను. "వానికి ఏం అర్థమైతది?" అన్నాడు తమ్ముడు. గొంతులోనే తెలుస్తుందిరా అన్నాను. "తెలిస్తే తెలువనీ. ఆమె వాణ్ణి అడగలేదు గదా, నిన్ను అడిగింది" అన్నాడు. ఇప్పటికీ నా వాదన తప్పని నేననుకోను. అలాగని వాడి మాటకు జవాబు కూడా దొరకలేదు.

చివరికి ఇల్లు వాడి కంప్యూటర్లోనే ఉంది. గూనపెంక ఒక్కటే అందరికీ ఇచ్చాడు, ఎవరైనా వాడుకోవచ్చని రాసి. కొన్నాళ్ళకు ఎవరో తెలియనివాళ్ళు తమ మాడ్ బొమ్మలు పెడితే, అందులో మంచుకొండ మీద ఓ సత్రానికి మా పెంకలే కప్పి ఉన్నాయి. పాచి మరకతో సహా! తమ్ముడు ఆ బొమ్మను ఫోనులో బాపమ్మకు చూపించాడు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. మంచు అంటే ఏమిటో అడిగి తెలుసుకుంది. తర్వాత, "వాలు సాలదురా. గంత తెల్లటిది మీద కూసుంటే పెంకలు పలుగుతయి. వాసాలు లేపి కప్పుమని చెప్పు" అంది. వాడు ఆ సత్రం చేసినవాళ్ళకు అదే మాట ఇంగ్లీషులో రాసి పంపాడు.